లావు, వాలు, పీట
అచ్చక్షరముల మూడు గుణములు



కన్నులతో చూడవలసిన దానిని చెవులకు వినిపింపబూనుట సాహసమే. అయినను ప్రతి యింటను ఏదో యొక అచ్చుకాగిత ముండక మానదు. పంచాంగమో, శుభలేఖయో, కరెంటు బిల్లో, పంచాయతి నోటీసో యొకదానిని చేతబట్టుకొని వినుడు. నేను చెప్పబోవున దంతయు అందు కనబడును.

ఆ కాగితమున అక్షరము లన్నియు నొక్కతీరున నుండవు. కొన్ని లావుగా నుండును. అచ్చుకూటమువారు వానిని బోల్డు అందురు. కొన్ని కుడిప్రక్కకు వాలియుండును. వానిని ఇటాలిక్సు అందురు. ఆంగ్లాక్షరములలో కొన్నింటి పాదముల క్రింద మందమైన అడ్డుపట్టె యుండును, మనము కూర్చుండు పీటవలె. నేటి ప్రసంగమున దానిని పీట అనియే పిలుతును. ఇవి వట్టి అలంకారములని పెక్కురు తలతురు. ఒక్కొక్కటి యొక్కొక్క అవసరమునుండి పుట్టినది. ఆ అవసర మెఱుగక వాడినచో అక్షరము మేలునకు మాఱుగ కీడు చేయును. అట్టి కీడొకటి నేను చూచితిని.

మా యారాడ మూడువైపుల కొండలును ఒకవైపు సముద్రమును గల గ్రామము. నేను పాఠశాలలో పనిచేయుచుండిన దినములలో, కొండ కావల నున్న యొక యూరిలో, ఒక కార్యాలయమువారు గోడకు నోటీసు నంటించిరి. పైన ‘ప్రజలకు విజ్ఞప్తి’ యను రెండు మాటలు బొటనవ్రేలంత లావున, పరుగెత్తుచున్నట్లు వాలి, నల్లగా మెఱయుచుండెను. క్రింద భూముల సర్వే నంబర్లు. అన్నింటికిని అడుగున, ఆక్షేపణలు తెలుపుకొనుటకు గడువు తేది చీమలబారువలె నుండెను. శుక్లములు పట్టిన కన్నులతో నొక వృద్ధరైతు పై మాటలు మాత్రము చదివికొని, ఎవరో యేదో మనవి చేయుచున్నారనుకొని వెడలిపోయెను. గడువు దాటిన తొమ్మిదవ దినమున ఆ కాగితపు నకలు పట్టుకొని నాయొద్దకు వచ్చెను. నేను చదివి వినిపింపగా కొంతసేపు మాటాడక కూర్చుండి, “ఏటి మేష్టారూ, ఈ ముక్కే పైన పెద్దచ్చరాల్తో రాస్తే ఏటి పోయింది?” అని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. నేటి ప్రసంగము ఆయనకు నేను బాకీపడిన ప్రత్యుత్తరము.

తొలుత అచ్చక్షరము పుట్టు విధమును చెప్పెదను. కంప్యూటర్లు రాకమునుపు ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును తిరుగవేసి చెక్కెడివారు. ఆ కడ్డీని రాగిబిళ్లపై నుంచి కొట్టినచో అక్షరము పల్లముగా పడును. ఆ పల్లమున సీసము, అంటిమొని, తగరము కరగించి పోసినచో అచ్చక్షరము వచ్చును. కడ్డీ యున్నచో బిళ్లలకు కొదువ లేదు. బిళ్ల యున్నచో అక్షరములకు కొదువ లేదు. మూలధన మంతయు ఆ ఉక్కు కడ్డీయే.

ఇందుకు మన విశాఖపట్టణముతో సంబంధముగల కథ యొకటి కలదు. 1805లో లండను మిషనరీ సంఘమునకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను నిరువురు ఈ పట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి, ఆనందరాయ డనువాని సాయమున సువార్తలను తెనిగింప మొదలిడిరి. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను కాలము చేసిరి. వారి తెలుగు విశాఖపట్టణమున పుట్టినను, అచ్చగుటకు వంగదేశములోని శ్రీరామపురమునకు పోవలసివచ్చెను. మూడు సువార్తలు 1812లో అచట అచ్చయ్యెను. ఆ సంవత్సరమే మార్చి 11వ తేదిన శ్రీరామపుర ముద్రాలయమున అగ్నిప్రమాదము సంభవించి, పోతపోసిన అక్షరములు కరగి ముద్దలయ్యెను. విలియం కేరీగారు వ్రాసియుంచిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు కాలిపోయెను. కాని ఉక్కు కడ్డీలు బూడిదలో చెడక దొరకెను. వానితో అక్షరములను మరల పోసికొనిరి. కేరీగారు వ్యాకరణమును మరల వ్రాసి 1814లో అచటనే ప్రకటించిరి.

ఇక లెక్క చూడుడు. ఆంగ్లమునకు పెద్దబడి అక్షరములు 26, చిన్నబడి అక్షరములు 26. అంకెలును విరామచిహ్నములును కలిపినను నూఱు కడ్డీలలోపల పని ముగియును. లావు రూపము కావలెనన్న మరియొక నూఱు. వాలు రూపము కావలెనన్న ఇంకొక నూఱు. తెలుగునకో, గుడి, కొమ్ము, ఏత్వము, వట్రుసుడి, ఒత్తు మొదలగు వాని కూడికచేత ఒక్క రూపమునకే వందలకొలది కావలెను. కావున ఆంగ్లమునకు మూడు రూపములు చెక్కించుట వ్యయము. తెలుగునకు చెక్కించుట సాహసము. మన ముద్రాపకులు వేఱొక యుపాయము పన్నిరి. అది లావు కాదు, వాలు కాదు, పరిమాణము. 1854లో స్థాపితమైన వావిళ్లవారి ప్రచురణలను చూచిన పెద్దలకు ఇది తెలిసినదే. మూలశ్లోకము పెద్ద అక్షరములలో, టీకాతాత్పర్యములు చిన్న అక్షరములలో నుండును. ఏది ఋషివాక్యమో, ఏది వ్యాఖ్యాతవాక్యమో పుట తెఱచినంతనే కన్ను గ్రహించును.

పాశ్చాత్యులకు ఈ మూడు గుణములు ఎట్లు వచ్చెనో విచారింతము.

వాలు మొదట పుట్టినది. వెనిస్ నగరమున ఆల్డస్ మాన్యూషియస్ అను ముద్రాపకుడు, ఫ్రాన్సెస్కో గ్రిఫో యను శిల్పిచేత అప్పటి విద్వాంసుల చేవ్రాత ననుసరించిన వాలు అక్షరములను చెక్కించి, 1501లో వర్జిల్ మహాకవి కృతిని చిన్న పొత్తముగ అచ్చొత్తించెను. గ్రంథ మంతయు వాలక్షరములే. అవి యిఱుకుగ నుండుటచే చిన్న పుటయం దెక్కువ మాటలు పట్టెను. తరువాతి కాలమున వాలక్షరము నిలువక్షరమునకు తోడుగ మాఱెను. పరభాషాపదము, గ్రంథనామము, గొంతు నొక్కి పలుకవలసిన మాట, ఇవి వాలుటయందు వచ్చును. చదువువాని స్వరమును మార్చుటయే దాని పని. కనుక వాలు చెవి కొఱకు పుట్టిన గుణమని నా యభిప్రాయము.

పీట చాల తరువాత వచ్చినది. ప్రాచీన రోమకుల శిలాక్షరములకే సన్నని పాదములు కలవు. 18వ శతాబ్దాంతమునకు అచ్చక్షరములలో ఆ పాదములు వెంట్రుకవలె సన్నగిల్లెను. అవి మంచి పుస్తకములకు చక్కగ నుండెను. కాని లండనులో యంత్రములును వర్తకమును పెరిగి, వీథిగోడలపై ప్రకటనలు నిండినపుడు, ఆ వెంట్రుకపాదములు దూరమునుండి ఆనవయ్యెను. అప్పుడు 1815 ప్రాంతమున విన్సెంట్ ఫిగ్గిన్స్ అను పోతపనివాడు ఆ పాదములను నిలువు గీతలంత మందముగ చేసి, దిమ్మెలవంటి అక్షరములను వెలువరించెను. నెపోలియను దండయాత్రచే ఈజిప్టు పేరు నాడు ఐరోపాయం దంతటను మ్రోగుచుండుటచే, ఇట్టి అక్షరములకు ఈజిప్షియన్ అను పేరు పరిపాటియయ్యెను. ఆ దేశమునకును వీనికిని వేఱు సంబంధము లేదు. ముతక కాగితమైనను, ఒత్తిడి యెక్కువైనను, సిరా తక్కువైనను పీటగల అక్షరము విఱుగదు. పీట నిలుకడ కొఱకు పుట్టినది.

లావు గోడలనుండి పుస్తకములోనికి వచ్చిన విధము వినుడు. 1845లో రాబర్ట్ బెస్లీ తన పోతశాలయందు క్లారెండన్ అను అక్షరమును సిద్ధపఱచి, ఆ రూపమును చట్టప్రకారము రిజిష్టరు చేయించెను. ఆ రక్షణ మూడు సంవత్సరములే. గడువు తీరినంతనే తక్కిన పోతపనివారు దానిని పోలినవానిని చేసికొనిరి. అది పీటగలది, లావైనది. అయినను చిన్నపరిమాణమున సాధారణాక్షరముల ప్రక్కన ఒదుగునది. నిఘంటువులవారికి అది వరప్రసాదమయ్యెను. వేలకొలది మాటలలో కావలసిన మాటను కన్ను పట్టుకొనవలెనన్న ఆ మాట లావుగ నుండవలెను. కావున లావు కంటి కొఱకు, అనగా వెదకుట కొఱకు, పుట్టినది.

ఈ మూడును ఒక్క అక్షరమున గూడవచ్చునా యనిన, కూడవచ్చును. మోనోటైపు సంస్థ 1934లో వెలువరించిన రాక్‌వెల్ అను పీట అక్షరమునకు లావు రూపమును, వాలు రూపమును కలవు. లావును వాలును కలిసిన పీట అక్షరము, బండి లాగుచు ముందునకు వంగిన యెద్దువంటిది. అందు బలము కలదు, వేగము కలదు, కాలు భూమిపై గట్టిగ నున్నది. ఆటల ప్రకటనలకు, సరకుపెట్టెలకు, లారీల ప్రక్కపలకలకు, వార్తాపత్రిక శీర్షికలకు అది తగును. రెండు మూడు మాటలు దాటినచో కన్ను అలయును. ఎద్దును నడిపింపవచ్చును గాని సభలో కూర్చుండబెట్టలేము గదా!

అక్షరపాద మెంత పని చేయునో మన రేవునకు పోయి చూడవచ్చును. ఓడ ముందును వెనుకను ప్రక్కలపై అంకెలు వరుసగ వ్రాయబడియుండును. మీటర్ల లెక్కలో అంకె యెత్తు 10 సెంటీమీటర్లు. ఒక అంకె పాదమునుండి పై అంకె పాదమునకు 20 సెంటీమీటర్లు. నీరు ఏ అంకె పాదమును తాకునో ఓడ అంత లోతు మునిగినదని లెక్క. అట అంకె పాదమే కొలబద్ద. దానిని వంకరగ నిలిపి సొగసు చేయువాడు లేడు. బరువు మోయవలసినచోట అక్షరము నిలువుగ, లావుగ, స్పష్టముగ నుండవలెనని ఆ ఓడ చెప్పుచున్నది.

ఇక తెలుగునకు వత్తము. మన అక్షరమునకు పాదము లేదు, తల కలదు. ఆంగ్లాక్షరము నేలపై నిలుచును. తెలుగక్షరము తలకట్టుతో కన్నును పట్టుకొని, గుండ్రముగ తిరిగి, అవసరమైనచో క్రింద ఒత్తును మోయును. తాటాకుపై గంటముతో వ్రాయుచు నిడుపైన అడ్డుగీత గీచినచో ఆకు చీలును గనుక మన లిపి గుండ్రదనము పొందెనని పెద్దలు చెప్పుదురు. గుండ్రని దానిని వాల్చినచో ఏమగును? నిలువుగీత వాలినచో వాలినట్లు తెలియును. సున్న వాలినచో నలిగినట్లు తోచును. అందుచే వాలు మన లిపికి సహజము కాదు. కంప్యూటరులో వాలు మీట నొక్కినపుడు తఱచుగ జరుగునది, శిల్పి గీచిన వేఱు రూపము వచ్చుట కాదు. నిలువు రూపమునే యంత్రము ప్రక్కకు త్రోయుట.

మఱి గొంతు మార్పును తెలుగువాడు ఎట్లు తెలుపును? భాషయే తెలుపును. ‘రాముడు వచ్చెను’ అనుట వేఱు, ‘రాముడే వచ్చెను’ అనుట వేఱు. ఈ ఏకారమును వైయాకరణులు అవధారణార్థక మందురు. ఆంగ్లేయుడు ఒక మాటను వాల్చి సాధించుదానిని మనము ఒక్క ఏత్వముతో సాధింతుము. ఆ వృద్ధుడు ‘ఈ ముక్కే’ యనెను గదా! ఏ ముద్రాపకుడును ఆ మాటను అంతకంటె గట్టిగ అచ్చొత్తలేడు. కావున తెలుగు రచనలో మాటిమాటికి వాలక్షరము వాడుట, నోట ఏత్వ ముండగా మెడ వంచి చూపుటవంటిది.

లావు మాత్రము మనకును కావలసినదే. కాని దానికొక అపాయము కలదు. తెలుగక్షరముల భేదములు చాల సూక్ష్మములు. ‘ర’ కడుపులో చుక్క పెట్టినచో ‘ఠ’. ‘ద’ క్రింద గీటు పెట్టినచో ‘ధ’. ఆ పైన లోపల చుక్కయు నున్నచో ‘థ’. ‘ప’ తలకట్టు ఒంటికి తగులక విడిగ నుండును. ‘వ’ తలకట్టు ఒంటిని కలిసియుండును. లావు హద్దు మీఱినచో కడుపులు పూడును, చుక్కలు మునుగును, ఎడములు మూసికొనును. ‘పంట నష్టము’ అని వ్రాసిన శీర్షిక ‘వంట నష్టము’ వలె కనబడును. నష్టపోయినవానికి అది నవ్వులాట కాదు. నేర్పుగల శిల్పి లావు రూపమును వేఱుగ గీచును. బయటకు లావు పెంచుచు లోపలి ఖాళీని కాపాడును. యంత్రము తానే చేసిన లావు అన్నివైపుల నొక్కతీరున ఊదును, వాచిన ముఖమువలె.

నేడు కడ్డీలు చెక్కు శ్రమ లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు ఖతి కంప్యూటర్లలోనికి వచ్చెను. పోతన, వేమన పేర్లతో ఖతులు వెలసెను. సిలికాన్ ఆంధ్రవారు పెక్కు ఖతులను ఉచితముగ విడుదల చేసిరి. నోటో వంటి ఖతులలో మిక్కిలి సన్ననివి మొదలు మిక్కిలి లావైనవాని వఱకు మెట్టుమెట్టుగ గీచిన రూపములే యున్నవి. వాచిన లావును వాడవలసిన అగత్యము తీరిపోయినది. కొఱత శిల్పమున లేదు, ఎన్నికయం దున్నది.

ఆంగ్లమును తెలుగును ఒక్క పలకపై వ్రాయవలసినచో మరియొక సంగతి గమనింపదగును. తెలుగక్షరము మొదలునుండి తుదివఱకు రమారమి ఒక్క మందముతో తిరుగును. పీట అక్షరములలోను పెక్కింటికి నిలువును అడ్డమును ఒక్క మందమే. కనుక తెలుగుపంక్తి ప్రక్కన పీట అక్షరము చక్కని యిరుగుపొరుగు. సన్నపాదముల అక్షరము ప్రక్కన తెలుగు మోటుగ తోచును. తప్పు తెలుగుది కాదు.

గ్రామమున నోటీసు వ్రాయించువారికి, వ్రాసినదానిని పరీక్షించు పెద్దలకు నాలుగు మాటలు చెప్పుదును. మొదటిది: ఏది లావుగ నుండవలెనో నిర్ణయించుటకు ముందు, చదువువాడు దేనికై వెదకునో ఆలోచింపుడు. తేది, స్థలము, గడువు, అపాయము. ఇవి లావుగ నుండవలెను. మర్యాదమాట సన్నగ నున్నను లోపము లేదు. రెండవది: కాగితమున లావు పదింట ఒక వంతు మించరాదు. అందఱును కేకలు వేసినచో ఎవని కేకయు వినబడదు. మూడవది: పరిమాణము. అచ్చులో 72 పాయింట్లు ఒక అంగుళము. వృద్ధులు చదువవలసిన తెలుగు 14 పాయింట్లకు తగ్గరాదని నా యనుభవము. పంక్తుల నడుమ గుడికి, ఒత్తునకు చోటు విడువవలెను. నాలుగవది పరీక్ష. కాగితమును జిరాక్సు తీయించి, ఆ జిరాక్సునకు జిరాక్సు తీయించి, గోడకంటించి, పది యడుగులు వెనుకకు నడువుడు. ‘థ’లో చుక్క నిలిచినచో, ‘ప’ ‘వ’ కాకున్నచో ఆ అక్షరము పనికివచ్చును.

గోడపై లావక్షరమునకు తగిన స్థానమును మన జిల్లావారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1966 నాటి ఉక్కు ఉద్యమపు నినాదము నాలుగే మాటలు. నాలుగు మాటలే గనుక అది ఎంత లావునైనను మోయగలదు. మా యారాడ తీరమున అలలు మోసకారులు. పొరుగూరివారు తెలియక దిగి ప్రాణములు పోగొట్టుకొనిన సందర్భములు కలవు. అట్టిచోట ‘నీటిలో దిగరాదు’ అను మాట నిలువుగ, లావుగ, మనుష్యుని ఎత్తున నుండవలెను. పలక పెట్టించిన వారి పేర్లు క్రింద సన్నగ నున్నను సముద్రమునకు కోపము రాదు.

వేదపాఠము వినిన పెద్దలకు ఒక విషయము జ్ఞప్తిచేసి ముగింతును. ఋగ్వేదపు వ్రాతలో అనుదాత్తమునకు క్రింద అడ్డుగీటు, స్వరితమునకు పైన నిలువుగీటు పెట్టుదురు. ప్రధానమైన ఉదాత్తమునకో, ఏ గుఱుతును లేదు. ఇరుప్రక్కల నున్నవానికి గుఱుతు లుంచి, నడిమిదానిని తెలియజేసిరి. అక్షరవిన్యాస రహస్య మంతయు అందే యున్నదని నాకు తోచును. తక్కినవి తగ్గియున్నపుడే ముఖ్యమైనది హెచ్చుగ కనబడును.

2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన భూసేకరణ చట్టము, ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలోపల ఆక్షేపణలు తెలుపుకొనవచ్చునని చెప్పుచున్నది. ఆ ప్రకటనను పంచాయతిలో స్థానికభాషయందు పెట్టవలెననియు చెప్పుచున్నది. భాష తెలుగై యుండవలె నన్న నియమము మేలైనది. ఆ తెలుగు కంటికానునట్లు వ్రాయించుట, ఆనకున్నచో అడుగుట మన పని. నోటీసు గోడపై కనబడిననాడు పైనున్న లావు మాటతో తృప్తిపడక, మొట్టమొదట అడుగున నున్న సన్న పంక్తిని చదువుడు. కన్ను చాలకున్నచో మనుమరాలిచేత చదివించుకొనుడు.

ఆ వృద్ధుడు నన్నడిగినదానికి ఇది ప్రత్యుత్తరము: “ఆ ముక్కే పైన వ్రాయవలసినది. వ్రాసినచో పోవున దేమియు లేదు.” ఈ ప్రత్యుత్తరము ఆయనకు ఆలస్యముగ చేరుచున్నది. తక్కినవారికి సకాలమున చేరుగాక!